ఆటఖాతా అమ్మకము: హక్కు, వెల, జాగ్రత్త

(ఉపన్యాస పాఠము)



సాంస్కృతిక సంఘ వేదికపై పద్యమునకో, పాటకో చెందవలసిన సమయమును ఒక క్రయవిక్రయ విషయమునకు వినియోగించుట కొందరికి వింతగా తోచవచ్చును. పైగా ఆ అమ్మదలచిన వస్తువు చేతికి తగులునది కాదు. ఫోను తెరపై మాత్రమే కనబడునది. అది అంతర్జాలమున ఆడెడి ఆటకు సంబంధించిన ఖాతా. ఐనను పదియవ తరగతి మొదలు ఇంజనీరింగు వరకు చదువుచున్న పిల్లలు గల ఇండ్లలో ఈ ప్రశ్న నేడు కాకున్న రేపు తలయెత్తక మానదు. "ఈ ఆట మానివేయుచున్నాను నాన్నగారూ, ఖాతా అమ్మినచో ఎంత వచ్చును? మోసపోకుండ అమ్ముట యెట్లు?" అని కుమారుడు అడుగును. ఆ ప్రశ్నకు తగిన సమాధానము ఇంటిలో దొరకనిచో, అతడు దానిని ముఖమెరుగని వారి గుంపులలో వెదకికొనును. నష్టము అచ్చటనే ఆరంభమగును.

ఈ విషయమున మూడు ప్రశ్నలు కలవు. అమ్మదలచినది ఎవరి సొత్తు? దానికి న్యాయమైన వెల యెంత? అమ్మునపుడు సొమ్మునకును, పేరునకును చేటు రాకుండుట యెట్లు? పిల్లలు సామాన్యముగా రెండవ ప్రశ్నతో మొదలిడుదురు. పెద్దలు మూడవదానితో మొదలిడుదురు. ఆ రెండింటికిని మూలము మొదటి ప్రశ్నలోనే యున్నది.

భిలాయి వాసులకు ఈ మొదటి ప్రశ్న బోధపడుటకు న్యాయశాస్త్ర గ్రంథములు విప్పనక్కరలేదు. 1955 ఫిబ్రవరి 2వ తేదీన భారత, సోవియట్ ప్రభుత్వములు ఉక్కు కర్మాగారమునకై ఒప్పందము చేసికొనినవి. 1959 ఫిబ్రవరి 4వ తేదీన రాష్ట్రపతి డాక్టరు రాజేంద్ర ప్రసాదుగారు మొదటి బ్లాస్టు ఫర్నేసును ప్రారంభించిరి. ఆ కాలమునుండి విజయనగరము–రాయ్‌పూరు రైలుమార్గమున ఉత్తరాంధ్ర ప్రాంతములనుండి తెలుగువారెందరో వచ్చి ఈ సెక్టారులలో కాపురములు పెట్టిరి. ముప్పది యేండ్లు ఒకే క్వార్టరులో నుండి, పెరటిలో మునగచెట్టు నాటి, గోడలకు తమ ఖర్చుతో రంగులు వేయించి, ఆ ముంగిటనే పిల్లల పెండ్లి పందిళ్లు వేసినవారు కలరు. ఐనను ఉద్యోగ విరమణానంతరము వారు తాళపుచెవిని సంస్థకు అప్పగించిరి. మునగచెట్టు వారి శ్రమఫలమే. నేల మాత్రము వారిది కాదు. ఆ క్వార్టరును మరియొకనికి అమ్ముదునని ఎవరైన చెప్పినచో విన్నవారు నవ్వియుందురు.

ఆటఖాతా సరిగా అట్టి క్వార్టరే. బాలుడు దానిలో నాలుగేండ్లు కాపురముండును. రాత్రులు మేలుకొని అంతస్తులు పెంచును. పండుగకు అమ్మమ్మ యిచ్చిన రూపాయలతో తన ఆటబొమ్మకు వేషములు, తుపాకులకు రంగులు కొనును. వీనిని ఆటగాండ్రు స్కిన్నులందురు. ఇదంతయు అతని శ్రమయే, అతని సొమ్మే. కాని ఆట ఆరంభమున "అంగీకరించుచున్నాను" అని నొక్కిన నాడే అతడు ఒక ఒప్పందమునకు తలయొగ్గెను. ఆ ఒప్పందము ప్రకారము అతనికి లభించినది ఆడుకొను అనుమతి మాత్రమే. యాజమాన్యము ఆటను నిర్మించిన సంస్థయందే నిలిచియుండును. స్టీమ్ నడుపు వాల్వ్ సంస్థయు, క్లాష్ ఆఫ్ క్లాన్స్ నిర్మించిన సూపర్‌సెల్ సంస్థయు ఖాతాను అమ్మరాదని తమ నిబంధనలలో స్పష్టముగా వ్రాసినవి. పెద్ద ఆటలలో పెక్కింటికి ఇట్టి నిబంధనయే కలదు. అమ్మినట్లు తెలిసినచో సంస్థ ఆ ఖాతాను మూసివేయవచ్చును. అపుడు కొన్నవాడు సొమ్ము పోగొట్టుకొనును; అమ్మినవాడు అతనికి జవాబుదారి యగును.

క్వార్టర్ల విషయమున ఒక మినహాయింపు కూడ భిలాయి చరిత్రలో కలదు. 2000 తరువాతి తొలి సంవత్సరములలో సంస్థ తన ఇండ్లలో కొన్నింటిని దీర్ఘకాలపు లీజుపై ఇచ్చినది. అనగా యజమాని స్వయముగా తలుపు తెరచినపుడు హక్కు చేతులు మారవచ్చును. ఆటలలోను ఇట్టి తలుపులు కొన్ని కలవు. 2012 డిసెంబరులో స్టీమ్ వేదికపై ఒక అంగడి వెలసినది. అందు ఖాతాను అమ్మరాదు గాని, ఖాతాలోని కొన్ని వస్తువులను నిబంధనలకు లోబడి అమ్మవచ్చును. కౌంటర్-స్ట్రైక్ ఆటలోని వస్తువునకు కొనువాడు 115 రూపాయలిచ్చినచో సుమారు 100 రూపాయలు అమ్మువానికి చేరును. మిగిలినది సంస్థల రుసుము. ఆ 100 రూపాయలును బ్యాంకునకు రావు. ఆ వేదికమీదనే మరియొక ఆటకో, వస్తువునకో వినియోగింపవలయును. డయాబ్లో మూడవ భాగమున 2012లో అసలు సొమ్ముతోనే క్రయవిక్రయములు జరుగు వేలముశాలను నిర్మాతలు తెరచిరి. ఆటలోని ఆనందమునే అది దెబ్బతీసినదని గ్రహించి 2014 మార్చి 18న వారే దానిని మూసివేసిరి. తలుపు తెరచువాడును, మూయువాడును యజమానియే యనుటకు ఇంతకంటె నిదర్శనము వలదు.

కావున ఇంటిలో ఈ ప్రశ్న పుట్టినపుడు తొలి కర్తవ్యము ఒక్కటే. తండ్రియు కుమారుడును ప్రక్కప్రక్కన కూర్చుండి ఆ ఆటయొక్క నిబంధనలను చదువవలయును. ఖాతా బదిలీని సంస్థ అనుమతించుచున్నదా? అనుమతింపనిచో లోపలి వస్తువులనైన అమ్ముకొననిచ్చుచున్నదా? ఈ రెంటికిని సమాధానము "లేదు" అని తేలినచో, ఆ బేరమును అచ్చటనే విడుచుట మేలు. అడుసు తొక్కనేల, కాలు కడుగనేల యను సామెత ఇట్టి తావులకే పుట్టినది. అనుమతి యున్నచో తరువాతి ప్రశ్నలకు పోవచ్చును.

ఇక వెల సంగతి. ఇచ్చట పిల్లలు చేయు పొరపాటు ఒకటి కలదు. అది పెద్దలు ఇల్లు అమ్మునపుడు, షేర్లు అమ్మునపుడు చేయు పొరపాటే. "ఇంత ఖర్చు పెట్టితిని, కావున ఇంత రావలయును" అను లెక్క అది. గతజల సేతుబంధనము వలన ప్రయోజనము లేదు. వెచ్చించిన సొమ్ము వెలను నిర్ణయింపదు. నేడు కొనువాడు ఇచ్చునదే నిర్ణయించును. ఒక ఉదాహరణము తీసికొనవచ్చును. బదిలీకి అనుమతిగల యొక ఆటలో ఒక బాలుడు నాలుగేండ్లలో 18,000 రూపాయలు వెచ్చించెననుకొనుడు. ప్రకటనలు చూడగా అట్టి ఖాతాలకు 15,000 అడుగుచున్నారు. బాలుని కన్నులు మెరయును. కాని అడుగుట వేరు, అమ్ముడుపోవుట వేరు. నిజముగా చేతులు మారిన మూడింటి ధరలు విచారింపగా 6,000, 6,500, 7,000 రూపాయలని తేలినదనుకొనుడు. నడిమి ధర 6,500. వేదిక నడుపువారి రుసుము నూటికి పది చొప్పున 650 పోగా చేతికి వచ్చునది 5,850. ఇది వెచ్చించినదానిలో మూడవ వంతునకు కొంచెము తక్కువ.

ఈ తరుగు చూచి బాలుడు తాను దోపిడికి గురియైతినని తలంపరాదు. ఆ తరుగులో కొనువాని భయము దాగియున్నది. రేపు సంస్థ ఖాతాను మూసివేయునేమో, అమ్మినవాడు పాత ఈమెయిలు ఆధారముగా ఖాతాను తిరిగి లాగికొనునేమో, ఆటయే ఆగిపోవునేమో యను భయములు అవి. అవి వట్టి భయములును కావు. 2020 సెప్టెంబరు 2న కేంద్ర ప్రభుత్వము 118 యాప్‌లను నిషేధించినపుడు పబ్జీ మొబైల్ అందులో నుండెను. అక్టోబరు 30న దాని సేవలు దేశమున నిలిచిపోయెను. దాని స్థానమున 2021 జూలైలో బ్యాటిల్‌గ్రౌండ్స్ మొబైల్ ఇండియా వచ్చెను. 2022 జూలై 28న అదియు అంగళ్లనుండి తొలగింపబడి, 2023 మే నెలలో మరల వచ్చెను. 2022 ఫిబ్రవరిలో ఫ్రీ ఫైర్ నిషేధమునకు లోనయ్యెను. నిన్నటి వరకు వేలు పలికిన ఖాతా తెల్లవారుసరికి గవ్వకు కొరగానిదగుట ఆ పిల్లలందరు కన్నులార చూచినదే.

ప్రభుత్వముతో పనిలేకయే వెల పడిపోవుటయు కలదు. కౌంటర్-స్ట్రైక్ ఆటలో కొన్ని కత్తులును, చేతితొడుగులును అత్యంత దుర్లభములని పేరుపడి లక్షల రూపాయలకు చేతులు మారుచుండెడివి. 2025 అక్టోబరులో వాల్వ్ సంస్థ ఒక నియమమును మార్చినది. ఎర్రశ్రేణి వస్తువులు అయిదింటిని అర్పించి ఒక కత్తినో, తొడుగునో పొందు వీలు కల్పించినది. దుర్లభమనుకొన్నది సులభమగుటతో వాని ధరలు ఒక్క రాత్రిలో కుప్పకూలినవి. బంగారు గనిని త్రవ్వుటకు ఏండ్లు పట్టును. ఆటలోని బంగారమును పుట్టించుటకు నిర్మాతకు ఒక మీట నొక్కినంత సేపు చాలును. న్యాయమైన వెల యనగా ఈ అనిశ్చితినంతను కలిపి చూచిన వెల. కావున మార్కెటులో 6,500 పలుకుచున్న ఖాతాకు బేరమైన ఆడకుండ 15,000 ఇత్తునని ఎవడైన ముందుకు వచ్చినచో అతనిని దాతయని తలంపరాదు. ఇచ్చు ఉద్దేశము లేనివాడే ఎంతైన ఇత్తుననగలడు.

వెల న్యాయముగా నుండుట కొనువాని పక్షమునను చూడవలసిన ధర్మము. భిలాయిలో తయారగు రైలుపట్టాను చూచినవారికి ఒక సంగతి తెలియును. ఆ పట్టా ప్రక్కభాగముపై తయారుచేసిన కర్మాగారము గుర్తును, నెలయు, సంవత్సరమును ఉబ్బెత్తుగా అచ్చువేయబడియుండును. ఏండ్ల తరువాత ఎచ్చటనో ఆ పట్టా పగిలినను అది యెచ్చట, ఎప్పుడు పుట్టినదో చెప్పవచ్చును. ఆటఖాతాకు అట్టి గుర్తు లేదు. దాని చరిత్రను అమ్మువాడే చెప్పవలయును. ఖాతా తానే తెరచినదా, మరియొకనివద్ద కొన్నదా? ఎప్పుడైన సంస్థ హెచ్చరిక చేసినదా? మోసపు సాఫ్టువేరుతో ఆడిన దినములున్నవా? ఏ వస్తువులు ఖాతాతో వచ్చును, ఏవి రావు? ఇవి ముందే చెప్పిన బాలునికి వేయి రూపాయలు తగ్గవచ్చును. కాని కొనువాడు తరచుగా మరియొక ఇంటి బాలుడే. అతని చేతిలోని సొమ్మును ఎవరో అమ్మమ్మ ఇచ్చినదే.

మూడవది జాగ్రత్త. ఇందు వాడుకలోనున్న మోసములు లెక్కకు కొన్నియే. వేషములు మాత్రము పెక్కు. మొదటిది, "భయ్యా, ముందు లాగిన్ ఇవ్వు, చూచి వెంటనే డబ్బు పంపుదును" అనుట. చూచుటకని ఇచ్చిన క్షణముననే పాస్‌వర్డు మారిపోవును. ఖాతా ఎట్లున్నదో చూపుటకు తెర చిత్రములును, వీడియోయు చాలును, లాగిన్ అక్కరలేదు. రెండవది, డబ్బు పంపినట్లు స్క్రీన్‌షాటు చూపుట. స్క్రీన్‌షాటు రసీదు కాదు. దానిని పది నిమిషములలో ఎవడైనను సృష్టింపగలడు. తన బ్యాంకు ఖాతా తెరచి చూచి, సొమ్ము జమ పడినదని తెలిసిన తరువాతనే పని ముందుకు సాగవలయును.

మూడవది, "ఈ క్యూఆర్ కోడును స్కాను చేసి పిన్ను కొట్టు, నీకు డబ్బు వచ్చును" అనుట. ఇంటిలోని ప్రతివారును కంఠస్థము చేయవలసిన సూత్రము ఇది: యూపీఐలో సొమ్ము పంపుటకే పిన్ను వలయును, పుచ్చుకొనుటకు పిన్ను ఎన్నడును అక్కరలేదు. నాలుగవది, "ధ్రువీకరణ రుసుము 500 ముందు పంపుము, అమ్మకపు సొమ్ముతో కలిపి తిరిగి ఇత్తుము" అనుట. అమ్మువాడు ఎదురు సొమ్ము చెల్లించు అమ్మకము లోకమున లేదు. అయిదవది మధ్యవర్తి. గుంపులలో "నమ్మకమైన అన్న" యని పేరుపడిన మధ్యవర్తియు, కొనువాడును ఒకే గూటి పక్షులగుట కద్దు. ఆరవది, సహాయము చేయుదునని ఫోను తెరను దూరమునుండి చూచు యాప్‌ను పెట్టించుట. అది పెట్టిన ఫోనులో తండ్రి బ్యాంకు యాప్ కూడ నున్నచో ఇక ఆటఖాతా సంగతి ఎవరికిని గుర్తుండదు.

వీనియన్నింటికంటె భయంకరమైనది ఏడవది. ఇందులో కొనువాడు సొమ్మును నిజముగానే పంపును! బాలుడు తండ్రి జీతపు ఖాతాకు చెందిన యూపీఐ సంఖ్యను ఇచ్చును, 6,500 రూపాయలు జమపడును, ఖాతా చేతులు మారును, అందరును సంతోషింతురు. వారము దినముల తరువాత తండ్రి జీతపు ఖాతా స్తంభించిపోవును. కారణమేమనగా, ఆ 6,500 రూపాయలు వేరొక రాష్ట్రమున ఒక వృద్ధుని మోసగించి లాగిన సొమ్ములోని భాగము. మోసగాడు ఆ సొమ్మును చేతులు మార్చుటకై ఆటఖాతాను కొనెను. ఫిర్యాదు అందిన పిమ్మట సొమ్ము నడచిన దారి వెంట పోలీసులు సాగుదురు. 2024 జూలై 1నుండి అమలులోనున్న భారతీయ నాగరిక సురక్షా సంహితలోని 106వ సెక్షను అనుమానాస్పదమైన ఆస్తిని స్వాధీనము చేసికొను అధికారమును పోలీసులకిచ్చుచున్నది. ఆ నెల ఇంటి అద్దెయు, పిల్లల ఫీజును, తల్లిదండ్రుల మందులును ఆ స్తంభించిన ఖాతాలోనే చిక్కుకొనును. తండ్రి నిర్దోషియే కావచ్చును. కాని దానిని నిరూపించుకొనుటకు దూరపు ఠాణాకు ఉత్తరములు వ్రాయుచు, సెలవులు పెట్టుకొనుచు తిరుగవలసినవాడు అతడే. నాలుగంకెల అమ్మకమునకు జీతపు ఖాతాను ఒడ్డుట ఎట్టి వివేకమో ప్రతి ఉద్యోగియు ఆలోచింపవలయును. జీతము పడు ఖాతా సంఖ్యను అపరిచితుని బేరమున ఎన్నడును ఈయరాదు. సాధ్యమైనంతవరకు నిర్మాత సంస్థయే నడుపు అంగడిలోనే అమ్ముకొనుట క్షేమము. అచ్చట సొమ్మునకు పూచీ సంస్థదే.

ఆటఖాతాకు ఫోను సంఖ్యయు, ఈమెయిలును, కొన్ని వేళల చెల్లింపు కార్డును ముడిపడియుండుటను పెక్కుమంది మరచిపోవుదురు. ఇల్లు ఖాళీచేయువాడు పెట్టె బేడ తీసికొని పోవునట్లు, అమ్మకమునకు ముందు వీనినన్నింటిని విడదీయవలయును. సొంత ఈమెయిలును పాస్‌వర్డుతో సహా ఖాతాతోపాటు అప్పగించుట మహాపరాధము. ఏలనన ఆ ఈమెయిలుతోనే పరీక్షల దరఖాస్తులు, బ్యాంకు పత్రములు, స్నేహితుల లేఖలు నడచుచుండును. దానిని పొందినవాడు ఆ బాలుని పేరుతో ఎవరినైన మోసగింపగలడు. ఇతరుల పాస్‌వర్డును మోసబుద్ధితో వాడుట 2000 నాటి సమాచార సాంకేతిక చట్టము 66సి సెక్షను క్రింద నేరమే. కాని ఫిర్యాదు మొదట చేరునది పేరు గలవాని గుమ్మమునకే.

ఈ సందర్భమున భిలాయి పేరు దేశమంతట వినబడిన యొక విషయమును దాచిపెట్టుట తగదు. మహాదేవ్ బుక్ అను పందెముల యాప్‌ను భిలాయికి చెందినవారు నడిపిరని ఎన్‌ఫోర్స్‌మెంటు డైరెక్టరేటు ఆరోపించినది. 2023 నవంబరు 5న కేంద్ర ప్రభుత్వము ఆ యాప్‌తో సహా 22 చట్టవిరుద్ధ పందెముల యాప్‌లను, వెబ్‌సైట్లను నిరోధించినది. పందెపు సొమ్మును తరలించుటకు ఇతరుల పేర్లతో తెరచిన బ్యాంకు ఖాతాలను వాడిరని దర్యాప్తు సంస్థల ఆరోపణ. ఆరోపణలపై తీర్పు న్యాయస్థానములది. కాని తల్లిదండ్రులు గ్రహింపవలసినది వేరొకటి కలదు. "నీ ఆటఖాతా కొందును" అని మొదలిడినవాడు కొంతకాలమునకు "నీ బ్యాంకు ఖాతాను నెలకు ఇంత చొప్పున అద్దెకిమ్ము" అనవచ్చును. మొదటిది ఒప్పందపు ఉల్లంఘనము కావచ్చును. రెండవది నేరమునకు తోడ్పాటు. ఆ మాట వినబడిన క్షణముననే సంభాషణను ముగింపవలయును.

డబ్బు ఒడ్డి ఆడు ఆటల ఖాతాలకు ఈ చర్చయే వర్తింపదు. 2025 ఆగస్టు 22న రాష్ట్రపతి ఆమోదము పొందిన ఆన్‌లైన్ గేమింగ్ చట్టము ఈ-స్పోర్ట్సును, సామాజికమైన ఆటలను ఒకవైపునను, డబ్బాటలను వేరొకవైపునను ఉంచినది. డబ్బాటలను నడుపుటను, వానికి ప్రకటనలిచ్చుటను, బ్యాంకులు వానికి సొమ్ము తరలించుటను ఆ చట్టము నిషేధించినది. ఆ నెలలోనే పెక్కు సంస్థలు తమ డబ్బాటలను నిలిపివేసినవి. అంతకు పూర్వమే తెలంగాణ ప్రభుత్వము 2017లోను, ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము 2020లోను తమ జూద చట్టములను ఇందుకై సవరించియుండెను. కావున రమ్మీ ఖాతాకు గాని, పందెపు ఖాతాకు గాని న్యాయమైన వెల యను మాటయే లేదు.

వయస్సు సంగతియు ముఖ్యము. 1872 నాటి భారత ఒప్పందముల చట్టము 11వ సెక్షను ప్రకారము మైనరునకు ఒప్పందము చేయు అర్హత లేదు. మైనరు చేసిన ఒప్పందము మొదటినుండియు చెల్లనిదేనని 1903లో ప్రీవీ కౌన్సిలు మోహరీ బీబీ వ్యాజ్యమున తీర్పు చెప్పినది. పదునెనిమిదేండ్లు నిండని బాలుడు చేసిన అమ్మకము చట్టము దృష్టిలో గాలిలో దీపము. అతడు కొన్నవానిని కోర్టుకు ఈడ్వలేడు. అట్టి ఇంటిలో బేరమంతయు తండ్రియో తల్లియో ఎదుట జరుగవలయును.

కేంద్రప్రభుత్వోద్యోగులు మరియొక మాట గుర్తుంచుకొనవలయును. 1964 నాటి ప్రవర్తనా నియమావళిలోని 15వ నియమము ఉద్యోగి ముందుగా అనుమతి పొందక వ్యాపారము చేయరాదనుచున్నది. కుటుంబములోని వారు వ్యాపారము చేయుచున్నచో ఆ విషయమును ప్రభుత్వమునకు తెలుపవలెననియు ఆ నియమమే విధించుచున్నది. పాత సైకిలును ఒకమారు అమ్ముట వ్యాపారము కాదు. కాని కుమారుడు ఖాతాలను కొని, పెంచి, అమ్ముచు, ఆ సొమ్మును నెలనెల తండ్రి ఖాతాలో జమచేయుచున్నచో అది వ్యాపారమే. దానిని "పిల్లల ఆట" యని త్రోసిపుచ్చిన తండ్రి పై అధికారికి సమాధానము చెప్పుకొనవలసిన దినము రావచ్చును. 18వ నియమము ప్రకారము రెండునెలల మూలవేతనమునకు మించిన చరాస్తి లావాదేవీని నెలలోపల తెలియజేయవలయును. ఆటఖాతా అంత పలుకుట అరుదే. ఐనను నియమమును ఎరిగియుండుట మంచిది. ప్రభుత్వరంగ సంస్థలకును తమతమ ప్రవర్తనా నియమములు కలవు.

ఇన్ని జాగ్రత్తలు తీసికొన్నను మోసము జరిగినచో సిగ్గుపడి దాచరాదు. 1930 అను సంఖ్యకు వెంటనే ఫోను చేయవలయును. జాతీయ సైబరు నేరముల పోర్టలునందు ఫిర్యాదు వ్రాయవలయును. తొలి గంటలలో తెలిపినచో సొమ్ము ఇంకను బ్యాంకులలోనే ఉండి, నిలుపుటకు అవకాశము కలుగును. సంభాషణలను చెరిపివేయక, తేదీలతో సహా భద్రపరచవలయును. తండ్రి తిట్టునేమోయని ఆ రాత్రి మౌనముగా నుండిన బాలుడు ఆ తొలి గంటలను పోగొట్టుకొనును. ఆ భయమును ఇంటినుండి ముందే తొలగించుట పెద్దల బాధ్యత.

అమ్మరాని ఖాతా గల బాలునికి ఏమి చెప్పవలయును? ఖాతాను అమ్మలేడు గాని, ఆటకై కొన్న ఫోనును, కంట్రోలరును, హెడ్‌ఫోనును అమ్మవచ్చును. అవి నిక్కముగా అతని సొత్తు. ఫోనునుండి అన్ని ఖాతాలను తొలగించి, లోపలి సమాచారమును పూర్తిగా చెరిపి, కొన్నప్పటి బిల్లుతో సహా ఇచ్చినచో మంచి ధర వచ్చును. ఖాతాపై వెచ్చించిన 18,000 రూపాయలను నాలుగేండ్ల వినోదపు ఖర్చుగా భావింపవలయును. సినిమా టిక్కెట్టును మరునాడు ఎవరును తిరిగి అమ్మజాలరు. ఐనను చూచిన సంతోషము పోదు. ఇకమీదట ఆటలో ఒక్క రూపాయి వెచ్చించునపుడు అది తిరిగిరాని రూపాయి యని ఎరిగి వెచ్చించుట అలవడినచో, అదియే ఈ వ్యవహారమునుండి అతనికి దక్కిన నిజమైన లాభము.

పిల్లవాడు అడిగిన ప్రశ్న చిన్నదిగా కనబడవచ్చును. కాని సొత్తుకును అనుమతికిని భేదమేమి, వెచ్చించినదానికిని వెలకును భేదమేమి, చేతికి వచ్చిన సొమ్ము ఎచ్చటిదో విచారించుట యెందుకు అను సంగతులు ఆ చిన్న ప్రశ్నలోనే యిమిడియున్నవి. ఇవి రేపు అతడు ఇల్లు కొనునపుడును, అప్పు తీసికొనునపుడును, ఉద్యోగమున సంతకము చేయునపుడును అవసరమగునవే. కావున కసరక, నవ్వక, ఒక సాయంకాలము అతని ప్రక్కన కూర్చుండి ఆ నిబంధనల పుటను తెరచుటకు తల్లిదండ్రులు పూనుకొందురుగాక.